కొత్త కారు బేరం: ఎక్స్‌షోరూం ధర నుంచి ఆన్‌రోడ్ ధర దాకా నా అనుభవం

2025 డిసెంబరులో మేము హైదరాబాదులో కొత్త కారు కొన్నాము. పాత కారుకు మరమ్మతుల ఖర్చు ఏటేటా పెరుగుతూ రావడం ఒక కారణమైతే, సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ తగ్గడం రెండో కారణం. నాలుగు మీటర్లకు మించని పొడవు, 1,200 సీసీకి మించని పెట్రోలు ఇంజిన్ ఉన్న కార్ల మీద అంతకుముందు 28 శాతం జీఎస్టీ, 1 శాతం సెస్సు కలిపి 29 శాతం పడేది. ఇప్పుడది 18 శాతానికి వచ్చింది. మేము ఎంచుకున్న కారు ఆ కోవలోదే. అది ఏ కంపెనీదో, ఏ షోరూంలో కొన్నామో ఇక్కడ చెప్పడం లేదు. మేము తిరిగిన షోరూములన్నింటిలోనూ బోర్డు మీద పేరు మారిందే తప్ప ధర కాగితం మీది వరుసలు దాదాపు ఒకే తీరుగా ఉన్నాయి కాబట్టి, చెప్పవలసిన సంగతి కూడా ఆ వరుసల గురించే.

మొదట చూసిన షోరూంలో ధర కాగితం అడిగితే వెంటనే ఇవ్వలేదు. సేల్స్ కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు కానీ, ఎంత అడిగినా "ఆన్‌రోడ్ పది డెబ్బై పడుతుంది సార్, రెండు లక్షలు డౌన్ పేమెంట్ కడితే ఏడేళ్లకు నెలకు పద్నాలుగు వేలే" అన్న మాట దగ్గరే ఆగిపోయాడు. నెల వాయిదా చెప్పగానే మనసు అది మన జీతంలో ఇముడుతుందా లేదా అన్న లెక్కలోకి వెళ్లిపోతుంది, పది లక్షల డెబ్బై వేలలో ఏమేమి కలిశాయన్న ప్రశ్న పక్కకు పోతుంది. అందుకని నేను వాయిదా సంగతి తర్వాత చూద్దామని, కారును నగదుకే కొంటున్నట్టు లెక్కకట్టి ఒక్కొక్క ఖర్చునూ విడివిడిగా రాసి, షోరూం ముద్ర వేసి ఇమ్మని అడిగాను. ముద్ర దేనికి సార్ అన్నాడు కానీ, వేరే షోరూంలో కూడా ఇలాగే తీసుకుని రెండూ పక్కపక్కన పెట్టి చూస్తామని మా ఆవిడ చెప్పేసరికి లోపలికి వెళ్లి ప్రింటు తీసుకువచ్చాడు.

ఆ కాగితంలో ఉన్నవి ఇవి: ఎక్స్‌షోరూం ధర (మిగతా ఖర్చులేవీ కలపని కారు ధర) 8,64,900 రూపాయలు, లైఫ్ ట్యాక్స్ (రాష్ట్రానికి ఒకేసారి కట్టే రోడ్డు పన్ను) 1,21,086, ఇన్సూరెన్స్ 48,900, రిజిస్ట్రేషన్ ఖర్చులు 6,500, లాజిస్టిక్స్ అండ్ హ్యాండ్లింగ్ 8,500, ఎసెన్షియల్ కిట్ 17,990, ఎక్స్‌టెండెడ్ వారంటీ 14,200, పెయింటు కోటింగు 9,900, ఫాస్టాగ్ 1,000. అన్నీ కలిపితే 10,92,976 అయింది. దానిలోంచి "స్పెషల్ డిస్కౌంట్" అని 20,000 తీసేసి, 10,72,976 అని పెద్ద అక్షరాలతో వేశారు.

ఇంటికి వచ్చాక నేను చేసిన పని, ప్రతి వరుస పక్కనా అది ఎవరి చేతిలో ఉన్నదో రాసుకోవడం. ఎక్స్‌షోరూం ధరను కంపెనీ నిర్ణయిస్తుంది. లైఫ్ ట్యాక్సు, రిజిస్ట్రేషన్ రుసుములు ప్రభుత్వానివి. ఇన్సూరెన్సులో కొంత ప్రభుత్వం నిర్ణయించినది, మిగిలినది బీమా కంపెనీది, మధ్యలో డీలరుకు వాటా ఉంటుంది. హ్యాండ్లింగు, కిట్టు, కోటింగు పూర్తిగా డీలరువి. కూరగాయల బండి దగ్గర అడిగినట్టు మొత్తం మీద ఇంత తగ్గించమని అడిగితే, డీలరు ఒక వరుసలో తగ్గించి మరో వరుసలో కలుపుకునే వీలుంటుంది. ఎవరి చేతిలో ఉన్న వరుస గురించి వారితోనే, అదీ ఒక్కొక్కటిగా మాట్లాడితే ఆ వీలు ఉండదు. ఆ తర్వాత జరిగిన బేరమంతా నేను ఈ పద్ధతిలోనే నడిపాను.

ఎక్స్‌షోరూం ధర దగ్గర మొదటి వాదన జీఎస్టీ మీద వచ్చింది. ఇంకేమైనా తగ్గించమని అడిగినప్పుడల్లా, "జీఎస్టీ వల్లే ఎనభై వేలు తగ్గింది సార్, ఇంకా డిస్కౌంట్ అంటే మాకేం మిగులుతుంది" అని టీమ్ లీడరు అనేవారు. ఎనభై వేలన్న అంకె నిజమే. 8,64,900లో నుంచి 18 శాతం పన్ను తీసేస్తే మూల ధర సుమారు 7,33,000 అవుతుంది. దాని మీద పాత 29 శాతం వేస్తే 9,45,000 దాటుతుంది. కానీ తగ్గినది ప్రభుత్వానికి వెళ్లే పన్ను, షోరూం వదులుకున్న లాభం కాదు. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించి, "అది అందరికీ వచ్చినదే కదండీ, మీరు మాకు ఇచ్చేది ఏమిటో చెప్పండి" అని అడిగాక ఆ వాదన మళ్లీ రాలేదు. డిసెంబరు కావడం కూడా మాకు కొంత కలిసివచ్చింది. జనవరి వస్తే షోరూంలో నిలిచిన బండి పోయిన ఏడాది బండి అయిపోతుంది, ఆర్‌సీలో తయారీ సంవత్సరం స్పష్టంగా పడుతుంది, తర్వాత అమ్ముకునేటప్పుడు ధర దాన్ని బట్టే పలుకుతుంది కాబట్టి ఏడాది చివర డీలర్లు స్టాకు వదిలించుకోవాలని చూస్తారు. అయితే ఇది రెండు వైపులా పదునున్న సంగతి. తగ్గింపు తీసుకుంటున్నామంటే పాత ఏడాది బండి తీసుకుంటున్నట్టే. పదేళ్లు నడుపుకునే మాబోటి వాళ్లకు దాని వల్ల పెద్ద నష్టం లేదని అనుకున్నాము.

కంపెనీ ఇచ్చే ఆఫర్లు వేరు, డీలరు తన లాభంలోంచి ఇచ్చేది వేరు. కాగితంలో "స్పెషల్" అని రాసిన 20,000 నిజానికి ఆ నెలలో కంపెనీ అందరికీ ప్రకటించిన తగ్గింపేనని రెండో షోరూంలో తెలిసింది. నేను పనిచేసే సంస్థ పేరు కంపెనీ జాబితాలో ఉండటం వల్ల ఐడీ కార్డు, జీతం స్లిప్పు చూపిస్తే మరో 5,000 కార్పొరేట్ తగ్గింపు వస్తుందని కూడా అక్కడే చెప్పారు. మొదటి షోరూంలో ఆ ప్రస్తావనే తేలేదు. అడగనిదే చెప్పని తగ్గింపులు ఉంటాయి కాబట్టి, ఎక్స్ఛేంజ్, కార్పొరేట్, పాత కస్టమరుకు ఇచ్చే లాయల్టీ, ఈ మూడింటి పేర్లూ చెప్పి మరీ అడగడం మంచిది.

లైఫ్ ట్యాక్సులో బేరానికి తావు లేదు. తెలంగాణలో అయిదు లక్షల నుంచి పది లక్షల లోపు ధర ఉన్న కార్లకు 14 శాతం. షోరూం ఎంత డిస్కౌంటు ఇచ్చినా మాకు పన్ను మాత్రం ఎక్స్‌షోరూం ధర మీదే లెక్కకట్టారు. అయితే బేరం లేకపోయినా, ఎంపిక మన చేతిలోనే ఉన్న ఒక సంగతి ఇక్కడ ఉంది. మా అమ్మాయి సన్‌రూఫ్ ఉన్న పై వేరియంటు కావాలని పట్టుబట్టింది. దాని ఎక్స్‌షోరూం ధర పది లక్షల నాలుగు వేలు. పది లక్షలు దాటగానే లైఫ్ ట్యాక్సు పై మెట్టుకు వెళుతుంది, ఆ పెరిగిన శాతం దాటిన నాలుగు వేలకు మాత్రమే కాక మొత్తం ధరకు పడుతుంది. దానికి తోడు పది లక్షలు దాటిన కారుకు 1 శాతం టీసీఎస్ (అమ్మేవారు మన పేరున ముందుగా వసూలు చేసే ఆదాయ పన్ను) కూడా వసూలు చేస్తారు. టీసీఎస్ ఆదాయ పన్ను రిటర్నులో మనకు జమ అవుతుంది కాబట్టి అది నష్టం కాదు కానీ, అంతవరకు చేతి నుంచి పోయే డబ్బే. ఈ లెక్క చూపించాక అమ్మాయి కొంచెం అలిగినా సన్‌రూఫ్ మాట మానేసింది. విజయవాడలో ఉన్న మా బావమరిది, అక్కడ కొంటే డీలరు ఎక్కువ తగ్గిస్తాడు రండి బావగారూ అని పిలిచాడు. ఆధారులో చిరునామా హైదరాబాదుది కావడం వల్ల టీఆర్ (తాత్కాలిక రిజిస్ట్రేషన్) అక్కడ చేయించుకున్నా లైఫ్ ట్యాక్సు తెలంగాణలోనే కట్టాలి, రెండు చోట్ల కాగితాల పని పడుతుంది. ఆ తిప్పలకు తగినంత తేడా కనిపించక ఆ ఆలోచన విరమించుకున్నాము.

అన్నింటికన్నా ఎక్కువ సమయం తీసుకున్నదీ, ఎక్కువ డబ్బు మిగిల్చినదీ ఇన్సూరెన్సు. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా, అంటే మన కారు వల్ల ఇతరులకు జరిగే నష్టానికి ఇచ్చే బీమా తప్పనిసరి. సుప్రీంకోర్టు ఆదేశం మేరకు 2018 సెప్టెంబరు 1 నుంచి ఈ పద్ధతి అమలులో ఉంది. 1,000 సీసీ నుంచి 1,500 సీసీ లోపు కార్లకు మూడేళ్లకు కలిపి దాని ప్రీమియం 10,640 రూపాయలు, దాని మీద జీఎస్టీ. ఇది ప్రభుత్వం నోటిఫై చేసిన రేటు, ఏ బీమా కంపెనీ దగ్గర తీసుకున్నా ఒక్కటే. మారేదల్లా మన కారుకు జరిగే నష్టానికి ఇచ్చే ఓన్ డ్యామేజ్ ప్రీమియం, దానికి తగిలించే అదనపు కవర్లు. 48,900లో ఏమున్నాయో విడదీసి చూపించమంటే, అందరూ బంపర్ టు బంపర్ అని పిలిచే జీరో డిప్రిసియేషన్ (భాగాల అరుగుదలకు కోత వేయని కవరు), ఇంజిన్ ప్రొటెక్ట్, రిటర్న్ టు ఇన్‌వాయిస్ (కారు పూర్తిగా పోతే ఇన్‌వాయిస్ ధర ఇచ్చే కవరు) లాంటివి సరే, తాళం పోతే ఇచ్చే కవరు, కారులో పెట్టిన సామాను పోతే ఇచ్చే కవరు, టైర్ల కవరు కూడా కలిపినట్టు తేలింది. మొదటి మూడూ ఉంచి మిగిలినవి తీసేయమన్నాను. వానాకాలంలో మా వీధిలో నీళ్లు నిలుస్తాయి కాబట్టి ఇంజిన్ కవరు మాకు అవసరమే.

తర్వాతి సంగతి నో క్లెయిమ్ బోనస్. మా పాత కారుకు వరుసగా అయిదేళ్లకు పైగా క్లెయిము లేకపోవడం వల్ల 50 శాతం బోనస్ ఉంది. ఈ బోనస్ కారుకు కాక యజమానికి చెందుతుంది. పాత కారు అమ్మినట్టు ఆధారం చూపితే పాత బీమా కంపెనీ ఒక ధ్రువపత్రం ఇస్తుంది, దానితో కొత్త కారు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో అంత శాతం తగ్గుతుంది. థర్డ్ పార్టీ భాగానికి ఇది వర్తించదు. షోరూం వేసిన కోట్‌లో ఈ బోనస్ సున్నాగా చూపారు. పాత కారును అక్కడే ఎక్స్ఛేంజ్ చేస్తున్నామని తెలిసీ ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. నేనే అడిగాక, "సర్టిఫికెట్ తెస్తే వేస్తాం సార్" అన్నారు.

ఈలోగా నేను బయట ఒక బీమా ఏజెంటు దగ్గర అవే కవర్లతో కోట్ తీసుకున్నాను. బోనస్ వేశాక 33,800 వచ్చింది. దాన్ని షోరూం ఇన్సూరెన్స్ డెస్కులో ఉన్న అమ్మాయికి చూపిస్తే, కాసేపు కంప్యూటరులో చూసి, "మేము కూడా 32,900కి ఇస్తాం సార్" అంది. ఆ కోట్ ప్రింటు చేతికి వచ్చాక చూస్తే కారు బీమా విలువను, అంటే ఐడీవీని, 7,60,000కు దించి ఉంది. కొత్త కారుకు ఐడీవీ సాధారణంగా ఎక్స్‌షోరూం ధరలో 95 శాతం ఉంటుంది, మా కారుకు అది 8,21,655 కావాలి. ఐడీవీ తగ్గిస్తే ప్రీమియం తగ్గుతుంది, రేపు కారు దొంగతనానికి గురైనా పూర్తిగా పాడైనా వచ్చే పరిహారం కూడా తగ్గుతుంది. "మేడమ్, ఐడీవీ సరిచేసి మళ్లీ వేయండి" అని వేలు పెట్టి చూపిస్తే, ఆ అమ్మాయి నవ్వేసి, ఇది ఎవరూ చూడరు సార్ అంది. సరిచేశాక 35,200 వచ్చింది.

బయటి కోట్‌కు, షోరూం కోట్‌కు చివరికి మిగిలిన తేడా 1,400. బయట తీసుకుంటే డెలివరీ ఆలస్యమవుతుందని, తమ వర్క్‌షాపులో క్యాష్‌లెస్ (మరమ్మతు ఖర్చును బీమా కంపెనీయే నేరుగా చెల్లించే సౌకర్యం) కుదరదని షోరూం వాళ్లు భయపెట్టారు. అది నిజం కాదు. బీమా ఎక్కడ తీసుకోవాలన్నది కొనేవారి ఇష్టం, డీలరు ఫలానా కంపెనీదే తీసుకోమని నిర్బంధించకూడదని మన హైదరాబాదులోనే ప్రధాన కార్యాలయం ఉన్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2017లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. క్యాష్‌లెస్ సౌకర్యం బీమా కంపెనీకి ఆ వర్క్‌షాపుతో ఒప్పందం ఉన్నదా అన్న దాన్ని బట్టి ఉంటుంది, ఆ సంగతి బీమా కంపెనీ వెబ్‌సైటులోనే చూసుకోవచ్చు. ఇదంతా చెప్పాక కూడా నేను షోరూం పాలసీయే తీసుకున్నాను. 1,400 కోసం టీఆర్ కాగితాలు ఒక చోట, పాలసీ ఒక చోట తిప్పుకోవడం నాకు లాభంగా తోచలేదు. అదే తేడా పదిహేను వేలు ఉండి ఉంటే తప్పకుండా బయటే తీసుకునేవాణ్ణి.

ఇక హ్యాండ్లింగ్ చార్జీ. ఇది యార్డు నుంచి షోరూంకు బండి తేవడానికి, కడగడానికి, డెలివరీకి సిద్ధం చేయడానికి అయ్యే ఖర్చని సేల్స్ కుర్రాడు చెప్పాడు. అవన్నీ డీలరు తన వ్యాపారం కోసం పెట్టుకునే ఖర్చులు, వాటికే కంపెనీ డీలరుకు మార్జిను ఇస్తుంది. మోటారు వాహనాల చట్టంలో గానీ, నిబంధనల్లో గానీ కొనేవారి నుంచి ఇలాంటి రుసుము తీసుకోవచ్చని ఎక్కడా లేదు. ఈ మాట నేను కొంచెం గట్టిగానే చెప్పాను కానీ, టీమ్ లీడరు చలించలేదు. "అన్ని షోరూముల్లోనూ ఉంది సార్, సిస్టంలో ఆటోమేటిక్‌గా పడుతుంది" అన్నారు. అప్పటిదాకా మౌనంగా ఉన్న మా ఆవిడ, "సరేనండీ, కడతాం. కానీ దీనికి హ్యాండ్లింగ్ అన్న పేరుతోనే, జీఎస్టీ నంబరుతో విడిగా బిల్లు ఇస్తారా?" అని అడిగింది. ఆయన మేనేజరు గదిలోకి వెళ్లి, మేము మాకిచ్చిన టీ తాగి కప్పులు కింద పెట్టేదాకా రాలేదు. వచ్చాక ఎరుపు పెన్నుతో ఆ వరుసను కొట్టేశారు.

అయితే తర్వాత తీసుకున్న కాగితంలో అదే చోట "డాక్యుమెంటేషన్ 5,000" అని కొత్త వరుస కనిపించింది. కొట్టేసిన కాగితాన్ని నేను దాచి ఉంచడం వల్ల రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టగలిగాను. దాని గురించి పెద్దగా మాటలు అవసరం కాలేదు, అదీ పోయింది. ప్రతి మార్పు తర్వాతా కొత్త ప్రింటు తీసుకుని, పాతదాన్ని పారేయకుండా పెట్టుకోవాలని నేను గట్టిగా చెప్పేది అందుకే. డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడికి ఫోనులో ఈ కథ చెబితే, అక్కడ కూడా డాక్యుమెంట్ ఫీజు పేరుతో ఇలాంటి వరుస ఒకటి ఉంటుందన్నయ్యా అన్నాడు. కాకపోతే అక్కడ కారు ధర మీద కూడా గీసి గీసి బేరమాడవచ్చట.

రిజిస్ట్రేషన్ ఖర్చుల 6,500లో కూడా ఇలాంటి కొవ్వు కొంత ఉంది. కారుకు రిజిస్ట్రేషన్ రుసుము 600, స్మార్టు కార్డుకు 200, బ్యాంకు అప్పు ఉంటే దాన్ని ఆర్‌సీలో నమోదు చేయడానికి 1,500. వీటికి టీఆర్ రుసుము, సర్వీసు చార్జీలు, పోస్టు ఖర్చు కలుస్తాయి. నంబరు ప్లేటుకని కూడా ఇందులో కొంత వేశారు. 2019 ఏప్రిల్ 1 తర్వాత తయారైన వాహనాలకు హై సెక్యూరిటీ ప్లేటును తయారీ సంస్థే వాహనంతో పాటు ఇవ్వాలి, డీలరు బిగించాలి. దానికి విడిగా ఎందుకని అడిగితే తీసేశారు. చివరికి రశీదులు ఇచ్చే షరతు మీద 3,900కు ఒప్పుకున్నాము. ఫాస్టాగ్‌కు వెయ్యి ఎందుకని అడిగితే, ట్యాగులో ఉండే నిల్వ, డిపాజిట్టు, ట్యాగు ధర అన్నారు. ట్యాగులో తక్కువ నిల్వతో 500కు ఇచ్చారు.

ఎసెన్షియల్ కిట్టు విషయంలో వాదన కన్నా ఓపిక పనిచేసింది. కాళ్ల కింద మ్యాట్లు, మడ్ ఫ్లాపులు, తలుపు అంచుల గార్డులు, కారు కవరు, అద్దాల చుట్టూ క్రోము పట్టీలు, పర్ఫ్యూము సీసా, అన్నీ కలిపి ఒక డబ్బా. కిట్టు తీసుకోకపోతే బండి కేటాయింపు వెనక్కి వెళ్తుందని కూడా చూచాయగా అన్నారు. డిసెంబరు చివర, యార్డులో తెల్ల బండ్లు వరుసగా నిలబడి ఉండగా ఆ మాటకు అంత బలం లేదు. మ్యాట్లు, మడ్ ఫ్లాపులు మాత్రం కంపెనీవే 4,150కి తీసుకున్నాము. మిగిలినవి బయట సగం ధరకు దొరుకుతాయి, కొన్ని అసలు అక్కర్లేదు. పెయింటు కోటింగు వద్దన్నాము. ఎక్స్‌టెండెడ్ వారంటీ మాత్రం మంచిదే. అది కంపెనీ ఇచ్చేదైతే మామూలు వారంటీ ముగిసేలోగా ఎప్పుడైనా తీసుకోవచ్చు, ఆలస్యమయ్యే కొద్దీ కొంత ధర పెరుగుతుంది, అంతే. ఏడాది నడిపి చూసి తీసుకుందామని వాయిదా వేశాము.

పాత కారు సంగతి ఇంకో బేరం. దీన్ని కొత్త కారు బేరంతో కలపకూడదన్నది నా అభిప్రాయం. రెండూ ఒకేసారి మాట్లాడితే పాత కారుకు ఎక్కువ ఇచ్చినట్టు చూపి కొత్త కారులో తగ్గింపు కోస్తారు. అందుకని కొత్త కారు లెక్క కాగితం మీద ఖాయమయ్యాకే పాత కారు చూడమన్నాను. షోరూం తరఫున వచ్చిన వ్యక్తి బానెట్ ఎత్తి చూసి, తలుపుల రబ్బరు పట్టీలు లాగి వెల్డింగు చుక్కలు పరీక్షించి, 1,85,000 అన్నాడు. అప్పటికే పాత కార్లు కొనే ఒక సంస్థ దగ్గర మేము 2,10,000కు రాతపూర్వక ధర తీసుకుని ఉన్నాము. అది చూపాక షోరూం వాళ్లు 1,95,000 దాకా వచ్చి, దానికి కంపెనీ ఎక్స్ఛేంజ్ బోనస్ 20,000 కలిపి ఇస్తామన్నారు. బోనస్ కంపెనీది, కారు ధర డీలరుది అన్న తేడా మనసులో పెట్టుకుంటే, వాళ్లు నిజంగా ఇచ్చింది బయటి ధర కన్నా తక్కువే. అయినా మాకు చేతికి వచ్చే మొత్తం ఎక్కువ కాబట్టి ఒప్పుకున్నాము. కారు అప్పగించిన తేదీ, సమయం రాసిన డెలివరీ నోటు తీసుకుని, యాజమాన్య బదిలీకి వాడే ఫారం 29, 30 ప్రతులు దగ్గర పెట్టుకున్నాను. అప్పగించిన తర్వాత పడే చలానాలకైనా, జరిగే ప్రమాదాలకైనా ఆ నోటు మనకు ఒక ఆధారంగా ఉంటుంది.

అప్పు మా జీతం పడే బ్యాంకులోనే ముందుగా మంజూరు చేయించుకున్నాము. షోరూం ఫైనాన్స్ డెస్కు చూపిన వడ్డీ కూడా అంతే ఉంది కానీ, ప్రాసెసింగ్ ఫీజు, అప్పుకు తగిలించిన జీవిత బీమా కలిపితే అది ఖరీదైనది.

చివరగా మేనేజరుతో కూర్చున్నప్పుడు అడగడానికి నాకు మిగిలింది ఒక్కటే, డీలరు తన లాభంలోంచి ఏమిస్తాడన్నది. అయిదు వేలతో మొదలై ఎనిమిది వేల దగ్గర ఆగింది. అలా 8,64,900 ధర, 1,21,086 పన్ను, 35,200 బీమా, 3,900 రిజిస్ట్రేషన్, 4,150 మ్యాట్లు, 500 ఫాస్టాగ్ కలిపి 10,29,736. అందులోంచి కంపెనీ 20,000, కార్పొరేట్ 5,000, డీలరు 8,000 తీసేస్తే 9,96,736. మొదటి కాగితానికీ దీనికీ తేడా 76,240. ఇందులో 37,940 మేము వద్దన్న వస్తువుల ధర, కాబట్టి దాన్ని బేరంలో గెలిచినట్టు చెప్పుకోవడం సరికాదు. తగ్గింపుల రూపంలో అదనంగా వచ్చింది 13,000 మాత్రమే. మిగిలిన పాతిక వేల పైచిలుకు ఇన్సూరెన్సు, హ్యాండ్లింగు, రిజిస్ట్రేషన్, ఫాస్టాగ్ వరుసల్లోంచి వచ్చింది.

బుకింగ్ ఫారం వెనక చిన్న అక్షరాలలో, డెలివరీ రోజున ఉన్న ధరే వర్తిస్తుందని ఉంటుంది. జనవరిలో కంపెనీలు ధరలు పెంచడం మామూలే కాబట్టి, డిసెంబరు 31 లోగా ఇన్‌వాయిస్ చేయకపోతే బుకింగ్ సొమ్ము పూర్తిగా తిరిగి ఇవ్వాలని, ఒప్పుకున్న వరుసలన్నీ అదే ఫారంలో రాయించి మేనేజరు సంతకం తీసుకున్నాను. డబ్బంతా షోరూం బ్యాంకు ఖాతాకే పంపాము. పూర్తి మొత్తం కట్టే ముందు యార్డుకు వెళ్లి, ఛాసిస్ నంబరు ఇన్‌వాయిస్‌తో, తయారీ సంస్థ బండితో పాటు ఇచ్చే ధ్రువపత్రం ఫారం 22తో సరిపోయిందో లేదో చూశాము. ఫారం 22లో తయారీ నెల అక్టోబరు అని ఉంది. టైరు పక్క గోడ మీద 3825 అని ఉంది, అంటే 2025లో 38వ వారంలో తయారైన టైరు, రెండూ పొసిగాయి. ఎడమ వెనక తలుపు మీద గోటితో గీసినంత గీత కనబడితే, పాలిష్ చేస్తామన్న మాటకు ఒప్పుకోకుండా వేరే బండి చూపమన్నాము. రెండో బండికి ఏ లోపమూ కనిపించలేదు.

డెలివరీ రోజున ఇన్‌వాయిస్‌లో తగ్గింపులన్నీ పడ్డాయో లేదో చూసుకుని, పాలసీలో ఐడీవీ, బోనస్ శాతం, ఛాసిస్ నంబరు సరిచూసుకున్నాక తాళాలు తీసుకున్నాము. పర్మనెంట్ రిజిస్ట్రేషన్ అయ్యాక రశీదులన్నీ కూడితే 3,900 కన్నా కొంత తక్కువే తేలింది. మిగిలినది వెనక్కి ఇమ్మని సందేశం పెడితే, మర్నాడు ఖాతాలో వేశారు. పాత కారు ఆర్‌సీ మాత్రం కొత్త యజమాని పేరుకు మారడానికి సమయం పట్టింది. రవాణా శాఖ వెబ్‌సైటులో అప్పుడప్పుడూ చూస్తూ, షోరూం ఎక్స్ఛేంజ్ విభాగానికి డెలివరీ నోటు ఫోటో పంపుతూ గుర్తుచేస్తూ వచ్చాను. పేరు మారిందని వెబ్‌సైటులో కనిపించిన రోజున ఆ పేజీని ప్రింటు తీసి, డెలివరీ నోటుతో కలిపి ఫైలులో పెట్టాను.